కార్మిక సంస్కరణలతో ఉత్పాదకత పెరిగేనా?

న్యూఢిల్లీ: దేశంలో అమలులో ఉన్న 29 కేంద్ర కార్మిక చట్టాల స్థానంలో నాలుగు కార్మిక స్మృతులను కేంద్ర ప్రభుత్వం 2025 నవంబరు 21న అమలులోకి తేవడంతో, 1991 ఆర్థిక సంస్కరణల నాటి నుంచి నలుగుతున్న ఒక వివాదం కొత్త మలుపు తిరిగింది. కార్మికులను నియమించుకోవడంలోను, తొలగించడంలోను యాజమాన్యాలకు వెసులుబాటు కల్పిస్తే పరిశ్రమలు విస్తరిస్తాయని, ఉత్పాదకత పెరుగుతుందని సంస్కరణల సమర్థకులు చాలాకాలంగా వాదిస్తున్నారు. ఉద్యోగ భద్రత లేనిచోట నైపుణ్యం నిలవదని, నైపుణ్యం లేనిచోట ఉత్పాదకత పెరగదని కార్మిక సంఘాలు వాదిస్తున్నాయి. గత పాతికేళ్ళ అనుభవాన్ని పరిశీలిస్తే ఇరుపక్షాల వాదనలోను కొంత నిజం ఉన్నట్లు, ఇరుపక్షాలూ విస్మరించిన అంశం మరొకటి ఉన్నట్లు స్పష్టమవుతుంది.

వేతనాల స్మృతిని పార్లమెంటు 2019లో ఆమోదించింది. పారిశ్రామిక సంబంధాల స్మృతి, సామాజిక భద్రత స్మృతి, వృత్తిపరమైన భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల స్మృతి 2020లో ఆమోదం పొందాయి. ఐదేళ్ళ జాప్యం తర్వాత నాలుగూ ఒకేసారి అమలులోకి వచ్చాయి. ఏఐటీయూసీ, సీఐటీయూ, ఐఎన్‌టీయూసీ తదితర పది కేంద్ర కార్మిక సంఘాలు వీటిని మొదటినుంచి వ్యతిరేకిస్తున్నాయి. 2025 జూలై 9న జరిగిన దేశవ్యాప్త సమ్మె ప్రధాన డిమాండ్లలో వీటి రద్దు ఒకటి. భారతీయ మజ్దూర్ సంఘ్ మాత్రం స్మృతుల అమలును స్వాగతించింది.

వంద నుంచి మూడు వందలకు

వివాదానికి కేంద్రబిందువు 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలోని ఐదు-బి అధ్యాయం. అత్యవసర పరిస్థితి కాలంలో, 1976లో ఈ అధ్యాయాన్ని చట్టంలో చేర్చారు. 300 మంది లేదా అంతకు మించి కార్మికులున్న కర్మాగారం, గని, తోట ఏదైనా సరే, కార్మికులకు లే-ఆఫ్ ఇవ్వాలన్నా, వారిని తొలగించాలన్నా, సంస్థను మూసివేయాలన్నా ప్రభుత్వ అనుమతి తీసుకోవడం తప్పనిసరి అయింది. 1982 సవరణ ఈ పరిమితిని 100కు తగ్గించగా, అది 1984లో అమలులోకి వచ్చింది. కొత్త పారిశ్రామిక సంబంధాల స్మృతి పరిమితిని మళ్ళీ 300కు పెంచింది. అంటే చట్టం ఈ అంశంలో 1976 నాటి స్థితికే తిరిగి వెళ్ళిందన్నమాట. అయితే పార్లమెంటుతో నిమిత్తం లేకుండా నోటిఫికేషన్ ద్వారానే ఈ పరిమితిని ఇంకా పెంచే అధికారాన్ని ప్రభుత్వాలకు స్మృతి కట్టబెట్టింది. కార్మిక సంఘాల ప్రధాన అభ్యంతరాలలో ఇదొకటి.

తొలగించిన కార్మికుడికి ప్రతి సంవత్సరం సర్వీసుకు 15 రోజుల సగటు వేతనం చొప్పున నష్టపరిహారం చెల్లించాలన్న నియమం కొనసాగుతోంది. దీనికి అదనంగా, 15 రోజుల వేతనాన్ని యాజమాన్యం పునర్నైపుణ్య నిధికి జమచేయాలి. ఆ మొత్తం కార్మికుడి ఖాతాకు చేరుతుంది. కొత్త విద్య నేర్చి మరో ఉద్యోగం సంపాదించుకునే వరకు ఒక కుటుంబం అర నెల జీతంతో ఎలా గడుస్తుందన్నది వేరే ప్రశ్న.

దొడ్డిదారిన వచ్చిన సడలింపు

వాస్తవానికి చట్టం మారకముందే కర్మాగారాలు మారిపోయాయి. 100 మంది పరిమితి తమను కట్టడి చేస్తున్నదని భావించిన యాజమాన్యాలు పర్మినెంట్ నియామకాలను తగ్గించి కాంట్రాక్టర్ల ద్వారా కార్మికులను రప్పించుకోవడం మొదలుపెట్టాయి. కాంట్రాక్టు విధానాన్ని ప్రభుత్వం రద్దుచేసిన పనులలో ఉన్న కాంట్రాక్టు కార్మికులను ప్రధాన యాజమాన్యమే తీసుకోవాలని ఎయిర్ ఇండియా కేసులో సుప్రీంకోర్టు 1996లో తీర్పు చెప్పింది. స్టీల్ అథారిటీ కేసులో 2001లో ఇచ్చిన తీర్పులో రాజ్యాంగ ధర్మాసనం దీనిని తోసిపుచ్చింది. కాంట్రాక్టు విధానం రద్దయినంత మాత్రాన కార్మికులు తమంతట తాము పర్మినెంట్ కాబోరని స్పష్టం చేసింది. దీంతో యాజమాన్యాలకు ఉన్న ప్రధానమైన భయం తొలగిపోయింది.

ఫలితం పరిశ్రమల వార్షిక సర్వేలో కనిపిస్తుంది. 2000 దశకం ప్రారంభంలో నమోదిత కర్మాగారాలలోని కార్మికులలో దాదాపు ఐదింట ఒక వంతు కాంట్రాక్టు కార్మికులు కాగా, 2022-23 నాటికి వారి వాటా 40 శాతం దాటింది. ఒకే షెడ్డులో, ఒకే యంత్రం మీద, ఒకే పని చేసే ఇద్దరిలో ఒకరికి బోనసు, ప్రమోషను, యూనియను ఉండగా, రెండవ వ్యక్తి పేరు కంపెనీ రిజిస్టరులో సైతం కనిపించని పరిస్థితి సర్వసాధారణమైంది. 2012 జూలైలో హర్యానాలోని మానేసర్ కార్ల కర్మాగారంలో హింస చెలరేగి ఒక అధికారి మరణించినప్పుడు, పర్మినెంట్, కాంట్రాక్టు కార్మికుల వేతనాల మధ్య అంతరం దేశవ్యాప్తంగా చర్చనీయాంశమైంది.

పరిశోధనలలో భిన్నాభిప్రాయాలు

కార్మిక చట్టాలకు, ఉత్పాదకతకు గల సంబంధంపై ఎక్కువగా ఉదహరించే అధ్యయనాన్ని లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌కు చెందిన తిమోతీ బెస్లీ, రాబిన్ బర్జెస్ 2004లో ప్రచురించారు. 1958 నుంచి 1992 వరకు రాష్ట్రాలు పారిశ్రామిక వివాదాల చట్టానికి చేసిన సవరణలను వారు కార్మికులకు అనుకూలం, యాజమాన్యాలకు అనుకూలం, తటస్థం అని మూడుగా విభజించారు. పశ్చిమ బెంగాల్, మహారాష్ట్ర, గుజరాత్, ఒరిస్సా మొదటి కోవలోకి రాగా, ఆంధ్రప్రదేశ్, తమిళనాడు, కర్ణాటక, కేరళ, రాజస్థాన్, మధ్యప్రదేశ్ రెండవ కోవలో చేరాయి. కార్మిక అనుకూల సవరణలు చేసిన రాష్ట్రాలలో నమోదిత పరిశ్రమల ఉత్పత్తి, ఉపాధి, పెట్టుబడి, ఉత్పాదకత తగ్గాయని, అసంఘటిత రంగంలో ఉత్పత్తి పెరిగిందని వారు తేల్చారు.

ఈ వర్గీకరణే సరైనది కాదని ఢిల్లీకి చెందిన ఆర్థికవేత్త ఆదిత్య భట్టాచార్జీ 2006లో విమర్శించారు. పరిశ్రమలకు పెట్టనికోట వంటి గుజరాత్‌ను అంతగా ప్రాముఖ్యం లేని ఒక్క సవరణ ఆధారంగా కార్మిక అనుకూల రాష్ట్రంగా జమకట్టడాన్ని ఆయన ఎత్తిచూపారు. చట్టపుస్తకంలో ఉన్నదానికి, కర్మాగారంలో జరిగేదానికి మధ్య దూరాన్ని లెక్కలోకి తీసుకోకపోవడం ఇటువంటి అధ్యయనాల లోపమన్న వాదన నాటి నుంచి బలపడుతూ వచ్చింది.

మరియాన్ బెర్ట్రాండ్, చాంగ్-తాయ్ షే, నిక్ సివానిడిస్ 2001 తీర్పు అనంతర పరిణామాలను పరిశీలించారు. కాంట్రాక్టు కార్మికుల లభ్యత పెరగడంతో పెద్ద కర్మాగారాలు మరింత పెద్దవయ్యాయని, కొత్త ఉద్యోగాల కల్పన వేగం పుంజుకుందని, కొత్త వస్తువులను ప్రవేశపెట్టే ధోరణి పెరిగిందని వారు కనుగొన్నారు. అదే సమయంలో పెద్ద కర్మాగారాలలో తలసరి సగటు ఉత్పత్తి తగ్గింది. దీనిని వైఫల్యంగా భావించనవసరం లేదు. చట్టానికి భయపడి అవసరమైన దానికన్నా తక్కువ మందితో పనిచేయించుకున్న సంస్థ, ఆ భయం తీరాక మరికొందరిని తీసుకుంటే తలసరి లెక్క కొంత తగ్గడం సహజం. మొత్తం మీద దేశానికి కలిగే లాభం ఉత్పత్తి, ఉపాధి రెండూ పెరగడంలో ఉంటుంది.

రాజస్థాన్ అనుభవం కూడా ఇదే విధంగా రెండు వైపులా పదునైనది. ఆ రాష్ట్రం 2014లోనే అనుమతి పరిమితిని 300కు పెంచింది. ఆ తర్వాత 100 మందికి మించి కార్మికులున్న సంస్థల సంఖ్య మిగిలిన దేశంతో పోలిస్తే అక్కడ వేగంగా పెరిగిందని 2018-19 ఆర్థిక సర్వే పేర్కొంది. ఇందుకు భిన్నంగా, ఆ సవరణ తర్వాత కార్మికుల వినియోగం తగ్గిందని, నేరుగా నియమించుకున్న కార్మికుల సంఖ్యలోనే ఆ తగ్గుదల ఎక్కువగా ఉందని 2021లో వెలువడిన మరొక పరిశోధన నిర్ధారణకు వచ్చింది.

స్పెయిన్ నేర్పిన గుణపాఠం

తాత్కాలిక ఉద్యోగాలకు తలుపులు తెరిచిన దేశాలలో ఏమి జరిగిందో తెలుసుకోవడానికి స్పెయిన్ చక్కని ఉదాహరణ. నిరుద్యోగాన్ని తగ్గించే ఉద్దేశంతో ఆ దేశం 1984లో నిర్ణీత కాల ఒప్పందాలపై ఉన్న ఆంక్షలను సడలించింది. పర్మినెంట్ ఉద్యోగులకు ఉన్న రక్షణలను మాత్రం అలాగే ఉంచింది. 1990 దశకం తొలినాళ్ళకు ఉద్యోగులలో దాదాపు మూడోవంతు మంది తాత్కాలికులయ్యారు. ఉద్యోగాలు వచ్చినంత వేగంగా పోయాయి. తాత్కాలిక ఉద్యోగి పర్మినెంట్ అయ్యే అవకాశాలు తక్కువగా ఉన్న సంస్థలలో ఉత్పాదకత దెబ్బతిన్నదని అక్కడి ఆర్థికవేత్తలు గుర్తించారు. రేపు ఉంటాడో ఉండడో తెలియని మనిషికి శిక్షణ ఇవ్వడానికి యజమాని ముందుకు రాడు. ఎంత శ్రమించినా గడువు తీరగానే బయటకు పోవలసిన మనిషికి పనిలో మెళకువలు నేర్వాలన్న ఉత్సాహం ఉండదు. చివరకు 2021 డిసెంబరులో స్పెయిన్ చట్టాన్ని మార్చి తాత్కాలిక ఒప్పందాలను కట్టడి చేయవలసి వచ్చింది.

భారతదేశంలో కాంట్రాక్టు కార్మికుల పరిస్థితి దీనికన్నా భిన్నంగా లేదు. పైపెచ్చు ఇక్కడ యజమానికి, కార్మికుడికి మధ్య కాంట్రాక్టరు ఉన్నాడు. కార్మికుడి నైపుణ్యం పెరిగితే కాంట్రాక్టరుకు ప్రత్యేకంగా ఒరిగేదేమీ లేదు. సంఖ్య లెక్కపెట్టి మనుషులను పంపడం వరకే అతని బాధ్యత.

నిర్ణీత కాల ఉద్యోగాలే కీలకం

కొత్త స్మృతులలో 300 మంది పరిమితి మీద జరిగినంత చర్చ నిర్ణీత కాల ఉద్యోగాల మీద జరగలేదు. ఈ పద్ధతిని కేంద్రం 2016లో దుస్తుల తయారీకి, 2018లో అన్ని పరిశ్రమలకు వర్తింపజేసింది. ఇప్పుడు చట్టంలోనే దీనికి స్థానం దక్కింది. దీని ప్రకారం కాంట్రాక్టరు ప్రమేయం లేకుండా సంస్థే నేరుగా కార్మికుడిని నిర్ణీత కాలానికి నియమించుకోవచ్చు. అదే పని చేసే పర్మినెంట్ కార్మికుడికి ఇచ్చే వేతనం, పని గంటలు, ఇతర సౌకర్యాలు అతనికీ ఇవ్వాలి. సాధారణంగా ఐదేళ్ళ సర్వీసు తర్వాత లభించే గ్రాట్యుటీ ఇతనికి ఏడాది సర్వీసుకే లభిస్తుంది. నియామక పత్రం ఇవ్వడం కూడా తప్పనిసరి.

కాంట్రాక్టరు ద్వారా వచ్చే కార్మికుడు ఈ పద్ధతిలోకి మారితే అది ముందడుగే అవుతుంది. నేరుగా తన రిజిస్టరులో ఉన్న మనిషికి శిక్షణ ఇవ్వడానికి సంస్థకు కొంత కారణం ఉంటుంది. పర్మినెంట్ కావలసిన కార్మికుడినే ఈ పద్ధతిలోకి నెట్టి, గడువును పదే పదే పొడిగిస్తూ పోతే అది స్పెయిన్ బాటే అవుతుంది. ఇన్ని విడతలకు మించి పొడిగించరాదని గాని, ఇన్నేళ్ళ తర్వాత పర్మినెంట్ చేయాలని గాని స్మృతిలో నియమం లేకపోవడం ఇక్కడ గమనార్హం. పైగా కాంట్రాక్టు కార్మికుల నిబంధనలు వర్తించే పరిమితిని 20 నుంచి 50 మందికి పెంచడంతో, చిన్న కాంట్రాక్టర్లు చట్టం పరిధి నుంచి తప్పుకున్నారు. ఒకవైపు ముందుకు పిలుస్తూ మరొకవైపు పాతదారిని ఇంకా వెడల్పు చేసినట్లయింది.

ఆంధ్రప్రదేశ్ చూపిన దారి

ఈ విషయంలో ఆంధ్రప్రదేశ్‌కు ప్రత్యేక చరిత్ర ఉంది. సంస్థ నడకకు ప్రధానమైన పని ఏది, అనుబంధమైన పని ఏది అన్న విభజనను కాంట్రాక్టు కార్మికుల చట్టంలోకి ఉమ్మడి రాష్ట్రం 2003 సవరణ ద్వారా తెచ్చింది. పారిశుధ్యం, కాపలా, క్యాంటీన్, సరకుల ఎగుమతి, దిగుమతి, తోటపని వంటివాటిని అనుబంధ పనులుగా పేర్కొని, ప్రధానమైన పనిలో కాంట్రాక్టు కార్మికులను నిషేధించింది. అయితే ఆ పనిని మామూలుగా కాంట్రాక్టరు ద్వారానే చేయించే ఆనవాయితీ ఉన్నప్పుడు, పని హఠాత్తుగా పెరిగినప్పుడు మినహాయింపులు ఇచ్చింది. ఇప్పటి కేంద్ర స్మృతిలోని నిర్వచనం దాదాపు అదే రీతిలో ఉంది. నిషేధం ఎంత గట్టిదో మినహాయింపులూ అంత విశాలమైనవి కావడంతో, ఫలితం కాగితంపై రాసిన నియమం కన్నా తనిఖీ మీదే ఎక్కువగా ఆధారపడుతుంది.

పని గంటల విషయంలోనూ రెండు తెలుగు రాష్ట్రాలు 2025లో సడలింపు బాట పట్టాయి. రోజువారీ పని పరిమితిని 9 నుంచి 10 గంటలకు పెంచాలని ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం జూన్‌లో నిర్ణయించగా, వాణిజ్య సంస్థలలో రోజుకు 10 గంటల పనిని, వారానికి 48 గంటల పరిమితికి లోబడి, తెలంగాణ ప్రభుత్వం జూలైలో అనుమతించింది. తమిళనాడు 2023లో 12 గంటల పనికి వీలు కల్పించే బిల్లును ఆమోదించి, నిరసనలు వెల్లువెత్తడంతో అదే ఏడాది మే డే నాడు ఉపసంహరించుకుంది. పని గంటలు పెంచితే రోజువారీ ఉత్పత్తి పెరగవచ్చు. ఉత్పాదకత అంటే గంటకు ఎంత ఉత్పత్తి అని. తొమ్మిదో గంటలో, పదో గంటలో అలసిన చేతుల నుంచి వచ్చే సరకు మొదటి గంటలో వచ్చినంత ఉండదన్నది ఏ మేస్త్రీని అడిగినా చెప్పే సంగతి.

కర్మాగారంలోనే కిటుకు

ఇరుపక్షాలూ విస్మరించిన అంశం ఇక్కడే ఉంది. చట్టంతో ప్రమేయం లేకుండానే ఉత్పాదకత పెంచవచ్చని దేశంలోనే జరిగిన ప్రయోగాలు రుజువు చేశాయి. ముంబయి పరిసరాలలోని వస్త్ర పరిశ్రమలలో నికొలస్ బ్లూమ్ బృందం జరిపిన ప్రయోగం 2013లో ప్రచురితమైంది. నాణ్యత నమోదు, యంత్రాల నిర్వహణ, నూలు నిల్వలను పద్ధతిగా ఉంచడం వంటి సాధారణ మార్పులతోనే మొదటి ఏడాది ఉత్పాదకత 17 శాతం పెరిగింది. ఒక్క కార్మికుడినీ తొలగించే అవసరం కలిగించని మార్పులివి.

కర్ణాటకలోని దుస్తుల కర్మాగారాలలో మహిళా కార్మికులకు సంభాషణ, సమయపాలన, సమస్యల పరిష్కారం వంటి అంశాలలో శిక్షణ ఇవ్వగా, శిక్షణ పొందినవారి ఉత్పాదకత 13 శాతానికి పైగా పెరిగినట్లు మరో అధ్యయనం వెల్లడించింది. వారి వేతనాలు మాత్రం నామమాత్రంగానే పెరిగాయి. ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే దేశంలోని కర్మాగారాల వార్షిక ఉత్పత్తి సుమారు 2 శాతం తగ్గుతుందని 2021లో ప్రచురితమైన ఇంకొక పరిశోధన తేల్చింది. వేసవిలో రేకుల షెడ్డు కింద పనిచేసేవారికి గాలి, నీరు, విరామం సమకూర్చడం సంక్షేమంతో పాటు ఉత్పాదకతకు సంబంధించిన విషయమని దీనివల్ల అర్థమవుతుంది.

పొరుగు దేశాల అనుభవమూ చట్టమొక్కటే సర్వస్వం కాదని చాటుతోంది. శ్రీలంకలో 1971 నాటి చట్టం ప్రకారం 15 మంది, అంతకు మించి పనిచేసే సంస్థలలో కార్మికుడిని తొలగించాలంటే అతని సమ్మతి గాని, లేబర్ కమిషనర్ అనుమతి గాని ఉండాలి. నష్టపరిహారం గరిష్ఠంగా 48 నెలల వేతనం వరకు ఉంటుంది. భారత చట్టం కన్నా ఇది కఠినమైనది. అయినా నాణ్యమైన దుస్తుల ఎగుమతిలో ఆ దేశం ప్రపంచ మార్కెట్లలో పేరు తెచ్చుకుంది. మరొకవైపు, తక్కువ వేతనాలే బలంగా దుస్తుల పరిశ్రమను నిర్మించుకున్న బంగ్లాదేశ్, 2013 ఏప్రిల్‌లో రానా ప్లాజా భవనం కూలి 1,100 మందికి పైగా కార్మికులు మరణించిన తర్వాత, భద్రతపై ఖర్చు చేయక తప్పలేదు.

పెరిగిన ఫలం ఎవరికి?

ఉత్పాదకత పెరిగితే వేతనాలు వాటంతట అవే పెరుగుతాయన్న మాటను కూడా గత అనుభవం బలపరచడం లేదు. 1980 దశకం తొలినాళ్ళలో నమోదిత పరిశ్రమల నికర విలువలో కార్మికుల వేతనాల వాటా 30 శాతం దరిదాపుల్లో ఉండేది. 2000 దశకం చివరినాటికి అది పదోవంతు స్థాయికి పడిపోయింది. యంత్రాల వినియోగం పెరగడం ఇందుకు ఒక కారణం కాగా, కాంట్రాక్టు పద్ధతి విస్తరించి కార్మికుల బేరసారాల శక్తి సన్నగిల్లడం మరొక కారణం. కష్టానికి ఫలితం దక్కదన్న నమ్మకం ఏర్పడిన చోట కష్టపడాలన్న తపన తగ్గడంలో ఆశ్చర్యం లేదు.

ఇంత చర్చా దేశంలోని శ్రామికులలో కొద్దిమందికి సంబంధించినదే కావడం మరో వాస్తవం. 2022-23లో నమోదిత కర్మాగారాలలో పనిచేసినవారు సుమారు 1.85 కోట్ల మంది. 2023-24 శ్రామిక సర్వే ప్రకారం దేశంలో పనిచేసేవారిలో 58 శాతం మంది స్వయం ఉపాధిపైన, సుమారు 20 శాతం మంది రోజుకూలి పనులపైన ఆధారపడ్డారు. నెల జీతం పొందేవారు 22 శాతం లోపే. వీరిలోనూ వ్యవసాయేతర రంగాలలో సగానికి పైగా మందికి రాతపూర్వకమైన ఒప్పందం లేదు. నియామక పత్రాన్ని తప్పనిసరి చేసిన నిబంధన ఒక్కటి చిత్తశుద్ధితో అమలైనా, 300 మంది పరిమితి కన్నా ఎక్కువమంది జీవితాలను అది స్పృశిస్తుంది.

కార్మిక రంగం ఉమ్మడి జాబితాలోనిది కనుక నిబంధనలు, తనిఖీలు చాలావరకు రాష్ట్రాల చేతుల్లో ఉంటాయి. సంస్కరణలు ఫలించాయా లేదా అన్నది తేల్చుకోవడానికి రాబోయే పరిశ్రమల వార్షిక సర్వేలలో రెండు అంకెలను గమనిస్తే చాలు. కాంట్రాక్టు కార్మికుల వాటా 40 శాతం నుంచి దిగివచ్చిందా అన్నది మొదటిది. పెరిగిన విలువలో వేతనాల వాటా ఎంత అన్నది రెండవది. మొదటిది తగ్గి రెండవది పెరిగితే సంస్కరణ పేరుకు తగ్గట్టు పనిచేసినట్లు లెక్క. అలా జరగకపోతే, పాతికేళ్ళుగా దొడ్డిదారిన నడుస్తున్న వ్యవహారానికి రాజముద్ర వేసినట్లు మాత్రమే అవుతుంది.